మూడు కూతల సెమినారు

మా మేనల్లుడు మా ఇంట్లో ఉండి ఇంజనీరింగు చదువుతున్నాడు. కిందటి టర్ములో క్లాసులో సెమినారు ఇచ్చాడు. విషయం క్వాంటం కంప్యూటరు. తెరమీద ముప్పై బొమ్మలు, ఎక్కడినుంచో ఎత్తిరాసిన పెద్ద పెద్ద మాటలు. ముందు బెంచీలో అమ్మాయి ఒకర్తె, "క్యూబిట్ అంటే ఏమిటో మామూలు మాటల్లో చెపుతారా?" అని అడిగిందట. మావాడి నోట మాట లేదు. క్లాసంతా గొల్లుమంది. ఆ తరవాత పదిహేను రోజులు వాడు సరిగా అన్నం తినలేదు. "చదువు మానేస్తాను, మామయ్యా" అన్నాడొక రాత్రి. నవ్వి ఊరుకునే మాట కాదది.

మళ్ళీ సెమినారు వచ్చింది. పొద్దున్నే కాఫీ తాగుతూ, "ఈసారి ఏ విషయం తీసుకోను? కృత్రిమ మేధా, రాకెట్లా?" అన్నాడు.

"వాటిమీద నీకు స్వయంగా పుట్టిన సందేహం ఏదైనా ఉందా?"

లేదన్నాడు. అంతలో వంటింట్లో కుక్కరు కూసింది. మా ఆవిడ "ఒకటి" అని లెక్కపెట్టింది. వాడు తలెత్తాడు.

"అత్తయ్యా, పప్పుకు మూడు కూతలే ఎందుకు?"

"మా అమ్మ చెప్పింది గనక!"

"నీ విషయం దొరికిందిరా" అన్నాను.

ఆ ఆదివారం మా వంటిల్లు ప్రయోగశాల అయింది. కుక్కరు మూతమీది గుండును కిరాణా కొట్లో తూయించాడు. ఆవిరి వచ్చే రంధ్రం కొలిచాడు. బరువును రంధ్రం వైశాల్యంతో భాగిస్తే చదరపు సెంటీమీటరుకు సుమారు కిలో వచ్చింది. ఆవిరి అంత ఒత్తిడి తెస్తేగాని గుండు లేవదన్నమాట! ఆ ఒత్తిడిలో నీరు 100 డిగ్రీల దగ్గర గాక, సుమారు 120 దగ్గర మరుగుతుంది. పప్పు త్వరగా ఉడకడంలో కిటుకు అదే. 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌లో కథ తిరగబడుతుంది. అక్కడ గాలి ఒత్తిడి తక్కువ గనక నీరు సుమారు 88 డిగ్రీలకే మరుగుతుంది. మామూలు గిన్నెలో పప్పు ఎంతకీ మెత్తబడదు.

ఈ పాత్రకు మూలపురుషుడు డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు. 1679లో దీన్ని తయారుచేసి, 1682లో లండన్ రాయల్ సొసైటీ సభ్యులకు ఇందులో వండి విందు చేశాడు. పాత్ర పేలకుండా, బరువుతో అణచి ఉంచే వాల్వు పెట్టినవాడూ ఆయనే. మా వంటింటి గుండు దానికి మునిమనుమడు!

సెమినారు నాడు వాడు గుండు జేబులో వేసుకు వెళ్ళాడు. బొమ్మలు ఐదే. గుండు బెంచీ బెంచీకి చేతులు మారిందట. ఆ ముందు బెంచీ అమ్మాయే మళ్ళీ లేచి, "మంట పెంచితే కూతలు త్వరగా వస్తాయిగదా, మరి మూడనే లెక్కకు అర్థమేమిటి?" అంది. వాడు తడబడలేదు. "ఆ లెక్క వంటింటి గడియారం మాత్రమే. పప్పును ఉడికించేది కూతలు కావు, ఆ వేడిలో అది ఉన్నసేపు" అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఇంటికి వస్తూనే, "అత్తయ్యా, మొదటి కూత రాగానే మంట తగ్గించు. వేడి తగ్గదు, గ్యాసు మిగులుతుంది" అన్నాడు.

"ముప్పై ఏళ్ళుగా వండుతున్నాను. నాకూ సెమినారేనా?" అంది మా ఆవిడ.

మర్నాడు పొద్దున్న కుక్కరు ఒక్కసారే కూసింది. తరవాత స్టవ్వు చెవి తిప్పిన చప్పుడు వినిపించింది. వాడూ నేనూ ఏమీ ఎరగనట్టు కాఫీ తాగాం.