1,113వ బంతి

మహ్మద్ సిరాజ్ 1994 మార్చి 13న హైదరాబాద్‌లో పుట్టాడు. తండ్రి మహ్మద్ గౌస్ ఆటో నడిపి ఇల్లు నెట్టుకొచ్చారు. టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడి చేయి తిరిగిన సిరాజ్ 2015 నవంబరులో హైదరాబాద్ రంజీ జట్టులోకి వచ్చాడు. మరుసటి సీజన్‌లో 41 వికెట్లు తీసేసరికి ఐపీఎల్ వేలంలో సన్‌రైజర్స్ 2.6 కోట్లకు కొనుక్కుంది.

2020 నవంబరులో భారత జట్టుతో ఆస్ట్రేలియాలో ఉండగా తండ్రి పోయారు. సిరాజ్ అక్కడే ఉండిపోయి, డిసెంబరు 26న మెల్‌బోర్న్‌లో తొలి టెస్టు ఆడాడు. బ్రిస్బేన్‌కు వచ్చేసరికి సీనియర్ బౌలర్లు గాయాలతో తప్పుకున్నారు. మూడో టెస్టు ఆడుతున్న కుర్రాడే బౌలింగ్‌కు పెద్దదిక్కయ్యాడు. రెండో ఇన్నింగ్స్‌లో 73 పరుగులకు 5 వికెట్లు తీశాడు. 2023 ఆసియా కప్ ఫైనల్లో 21 పరుగులకు 6 వికెట్లు తీసి శ్రీలంకను 50కే కుప్పకూల్చాడు.

అతడి ప్రధాన ఆయుధం వొబుల్ సీమ్. మామూలుగా బంతి కుట్టును నిటారుగా నిలిపి వదులుతారు. వేళ్లను కుట్టుకు అటూ ఇటూ కాస్త ఎడంగా పెడితే అది గాలిలో ఊగుతూ వెళ్తుంది. నేలను తాకాక ఎటు తిరుగుతుందో బ్యాటర్‌కు అంతుపట్టదు.

ఇంతకన్నా అరుదైనది అతడి ఓర్పు. అమెరికా బేస్‌బాల్‌లో ఆట మొదలుపెట్టే పిచర్ సుమారు వంద బంతులు విసిరి, నాలుగైదు రోజులు భుజానికి విశ్రాంతినిస్తాడు. టెస్టు బౌలర్‌కు ఆ వీలు లేదు. నిన్న సాయంత్రం వేసినవాడే పొద్దున మళ్లీ పరుగందుకోవాలి. 2025లో ఇంగ్లండ్‌పై ఐదు టెస్టులూ ఆడిన భారత ఫాస్ట్ బౌలర్ సిరాజ్ ఒక్కడే. ప్రధాన బౌలర్ బుమ్రా మూడే ఆడాడు. సిరాజ్ 185.3 ఓవర్లు వేసి 23 వికెట్లు తీశాడు.

చివరి టెస్టు ఓవల్‌లో జరిగింది. నాలుగో రోజు, 19 పరుగుల మీదున్న ఇంగ్లండ్ బ్యాటర్ హ్యారీ బ్రూక్ కొట్టిన బంతిని సిరాజ్ పట్టాడు గానీ వెనక్కి పడ్డ అడుగు బౌండరీ తాడును తాకింది. బ్రూక్ 111 చేశాడు. మర్నాడు, ఆగస్టు 4న, ఇంగ్లండ్‌కు 35 పరుగులు కావాలి, చేతిలో 4 వికెట్లున్నాయి. వాటిలో మూడు సిరాజ్‌కే పడ్డాయి. చివరి వికెట్ మిగిలి ఉంది; ఒక్క సిక్సర్ పడితే స్కోర్లు సమమయ్యేవి. అప్పుడు సిరాజ్ వేసిన యార్కర్ ఇంగ్లండ్ ఆటగాడు అట్కిన్సన్ ఆఫ్‌స్టంప్‌ను లేపేసింది. భారత్ 6 పరుగులతో గెలిచి సిరీస్‌ను 2-2తో సమం చేసింది. ఆ యార్కర్ సిరీస్‌లో సిరాజ్ వేసిన 1,113వ బంతి. దాని వేగం గంటకు సుమారు 143 కిలోమీటర్లు.