వాక్‌మాన్‌కీ ఓవర్‌హాలింగ్

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపుకు గడువు ప్రకారం రైలు పెట్టెలు వస్తాయి. విడిభాగాలు విప్పి, తుప్పు గీకి, అరిగినవి మార్చి, రంగు వేసి మళ్లీ పట్టాలెక్కిస్తారు. రైల్వేవాళ్ల నోట అది పీఓహెచ్, అంటే పీరియాడిక్ ఓవర్‌హాలింగ్. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ ఉత్తరాంధ్ర మనుషులు ఈ ఊరికి పనికి వచ్చి, నింపురా, మథురాకాటీ లాంటి పేటల్లో స్థిరపడ్డారు. ఓవర్‌హాలింగ్ విలువ తెలిసిన అలాంటి ఇళ్లలో అటక మీది వాక్‌మాన్‌ను పాత సామాన్లవాడికి తూకానికి వేసేయడం అన్యాయం.

సోనీ మొదటి వాక్‌మాన్ 1979 జూలై 1న జపాన్‌లో అమ్మకానికి వచ్చింది. రెండు పెన్సిల్ బ్యాటరీలతో నడిచేది. ఆ తర్వాత ఎన్ని కంపెనీలు ఎన్ని రకాలు చేసినా లోపలి కీలకం ఒక్కటే: టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున నిలకడగా కదలాలి. ఆ నిలకడ చాలా సెట్లలో ఓ సన్నటి రబ్బరు బెల్టు మీద ఆధారపడింది.

ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు సాగుతుంది, కొన్నిసార్లు తారులా కరిగి కప్పీలకు అతుక్కుంటుంది. పాట సాగుతోందంటే, టేపు నలుగుతోందంటే మోటారు పోయిందని నిరాశపడనక్కర్లేదు. మొదట అనుమానించాల్సింది బెల్టునే.

బ్యాటరీలు తీసేసి, చిన్న స్టార్ స్క్రూడ్రైవర్‌తో వెనక మూత విప్పాలి. ఏ స్క్రూ ఎక్కడిదో ఫోన్లో ఫొటో తీసుకుంటే బిగించేటప్పుడు తికమక ఉండదు. పాత బెల్టు జిగురును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన ఇయర్ బడ్‌తో తుడవాలి. కప్పీల చుట్టూ దారంతో కొలిచి, అంతకన్నా కాస్త చిన్న బెల్టు వేయాలి. డబ్బాలకు చుట్టే రబ్బరు బ్యాండు మాత్రం వద్దు. మందం సమంగా లేక పాట వణుకుతుంది. అదే ఆల్కహాల్‌తో హెడ్‌నూ, టేపును లాగే రబ్బరు రోలర్‌నూ తుడిస్తే మసకబారిన గొంతు చాలాసార్లు తేటపడుతుంది. ఆల్కలైన్ బ్యాటరీ కారి స్ప్రింగు మీద తెల్లటి పొడి పేరుకుంటే, వెనిగర్ చుక్కతో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి.

ఐపాడ్ కథ వేరు. 2001లో మొదలై 2022లో ఆగిపోయిన ఆ వరుసలో సాధారణంగా ముందు నీరసించేది లిథియం బ్యాటరీ. దాన్నీ మార్చవచ్చు, కానీ ఉబ్బిన బ్యాటరీని గుచ్చకూడదు, వంచకూడదు; చేయి తిరగనివాళ్లు మెకానిక్‌కే ఇవ్వాలి. విప్పనివ్వని వస్తువుల మీద ప్రభుత్వాలూ కదిలాయి. మన కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో 'రైట్ టు రిపేర్' పోర్టల్ తెరిచింది.

కొత్త ప్లేయర్ ఏ అంగట్లోనైనా దొరుకుతుంది. పాత క్యాసెట్‌లోని తాతగారి గొంతు, పెళ్లి నాటి పాట దొరకవు. బెల్టు మార్చగానే ఆ క్యాసెట్ పెట్టకండి. ముందు పోయినా ఫరవాలేదనుకున్న క్యాసెట్ ఒకటి రెండు వైపులా నడిపి చూడండి. టేపు నలగకపోతే, తాతగారి క్యాసెట్ పెట్టి అదే రోజు కంప్యూటర్‌లోకి ఎక్కించుకోండి.