ప్రయోగం - ఉపసంహారం

మహాభారతంలోని సౌప్తిక పర్వంలో ఒక ఘట్టం ఉంది. కురుక్షేత్ర యుద్ధం ముగిసిన తరువాత అశ్వత్థామ పాండవ వంశాన్ని నిర్మూలించాలని బ్రహ్మశిరోనామకాస్త్రాన్ని ప్రయోగిస్తాడు. దానిని శమింపజేయడానికి అర్జునుడు కూడా అదే అస్త్రాన్ని విడుస్తాడు. రెండూ తలపడితే లోకాలకే చేటని గ్రహించి వ్యాసుడు, నారదుడు నడుమ నిలిచి వారిద్దరినీ వారిస్తారు. అర్జునుడు తన అస్త్రాన్ని ఉపసంహరిస్తాడు. అశ్వత్థామకు ప్రయోగమే తప్ప ఉపసంహారం చేతకాదు. చివరకు ఆ అస్త్రం ఉత్తర గర్భంలోని శిశువు మీదికి మళ్ళుతుంది.

ఇరవయ్యవ శతాబ్దపు అణ్వాయుధాల చరిత్రను చదివినప్పుడు ఈ ఘట్టం గుర్తుకు రాక మానదు. విడిచిన అస్త్రాన్ని వెనుకకు మళ్ళించగలమా, ఆలోచించుకోవడానికి వ్యవధి ఉందా అనే ప్రశ్నలే ఆ చరిత్రకు కూడా కీలకమైనవి.

1945 ఆగస్టు 6న హిరోషిమా మీద, 9న నాగసాకి మీద అమెరికా విమానాలు అణుబాంబులను జారవిడిచాయి. 1949లో సోవియట్ యూనియన్ కూడా అణుపరీక్ష జరిపింది. ఇరుపక్షాల చేతిలోనూ అణుబాంబు ఉన్నప్పుడు యుద్ధంలో విజేత అంటూ ఎవరూ మిగలరు. "నీవు నన్ను కొడితే నేను నిన్ను తప్పక కొడతాను" అనే భయమే ఇద్దరినీ ఆపుతుంది. దీనినే 'అణు నిరోధం' అంటారు. ఇందులో ఒక సూక్ష్మం ఉంది. ఆయుధాలు ఎన్ని ఉన్నాయన్నది ప్రధానం కాదు. శత్రువు ముందుగా దెబ్బతీసిన తరువాత ఎన్ని మిగులుతాయన్నదే ప్రధానం. మొదటి దెబ్బకే నశించిపోయే ఆయుధం శత్రువును భయపెట్టదు సరికదా, దాడికి పురికొల్పుతుంది కూడా.

తొలి రోజులలో ఈ భారమంతా బాంబర్ విమానాల మీదే ఉండేది. అమెరికా 1946లో వ్యూహాత్మక వైమానిక దళాన్ని ఏర్పరచింది. 1955లో బి-52 విమానాలు ఆ దళంలో చేరాయి. అయితే విమానాశ్రయంలో వరుసగా నిలిచి ఉన్న విమానాలను ఒక్క దెబ్బతో ధ్వంసం చేయవచ్చు. అందుచేత మూడవ వంతు విమానాలను పదిహేను నిమిషాలలో ఎగరడానికి సిద్ధంగా ఉంచారు. అదీ చాలదనిపించి, 1960 దశకంలో కొన్ని విమానాలను హైడ్రోజన్ బాంబులతో సహా ఎల్లవేళలా ఆకాశంలోనే తిప్పసాగారు.

ఈ విధానంలో ఒక సుగుణం ఉంది. విమానం శత్రుదేశం చేరడానికి గంటలు పడుతుంది. నిర్ణీత స్థానం చేరిన తరువాత స్పష్టమైన ఆజ్ఞ వస్తేనే అది ముందుకు సాగాలి, లేకుంటే వెనుదిరగాలి. అంటే ఇక్కడ ప్రయోగంతో పాటు ఉపసంహారం కూడా ఉంది.

అయితే ఆయుధాన్ని నిరంతరం మోసుకొని తిరగడంలోనే ప్రమాదం దాగి ఉంది. 1966 జనవరి 17న స్పెయిన్‌లోని పాలొమారెస్ గ్రామం మీద ఒక బి-52 విమానం ఆకాశంలో ఇంధనం నింపుకొంటూ, ఇంధనం తెచ్చిన విమానాన్ని ఢీకొన్నది. ఏడుగురు సిబ్బంది మరణించారు. విమానంలోని నాలుగు హైడ్రోజన్ బాంబులలో మూడు నేలమీద పడ్డాయి. వాటిలో రెండింటిలోని మామూలు పేలుడు పదార్థం పేలి, ప్లుటోనియం ధూళి పొలాల మీద చిమ్మింది. నాలుగవది మధ్యధరా సముద్రంలో పడగా, దానిని వెలికి తీయడానికి దాదాపు 80 రోజులు పట్టింది. అణు విస్ఫోటనం జరగకపోవడం ఆ గ్రామస్థుల అదృష్టం. ఆ రైతులకు అమెరికాతో గాని, సోవియట్ యూనియన్‌తో గాని ఏ పగా లేదు. 1968 జనవరి 21న గ్రీన్‌లాండ్‌లోని థూలే స్థావరం సమీపంలో మరొక బి-52 మంచు మీద కూలింది. ఆ సంవత్సరమే బాంబులతో ఆకాశంలో కాపలా తిరిగే పద్ధతికి స్వస్తి చెప్పారు.

ఆ నాటికే క్షిపణి విమానం స్థానాన్ని ఆక్రమించసాగింది. 1957 ఆగస్టులో సోవియట్ యూనియన్ ఆర్-7 అనే ఖండాంతర క్షిపణిని విజయవంతంగా పరీక్షించింది. ఆ రకం రాకెట్టే అక్టోబరు 4న స్పుత్నిక్ ఉపగ్రహాన్ని అంతరిక్షానికి చేర్చింది. 1960 మే 1న సోవియట్ సైన్యం మిక్కిలి ఎత్తున ఎగురుతున్న అమెరికా గూఢచారి విమానం యు-2ను క్షిపణితో కూల్చివేయడంతో, ఎత్తు ఒక్కటే విమానానికి రక్షణ కాదని తేలిపోయింది. తొలినాటి క్షిపణులకు ద్రవ ఇంధనం నింపడానికే కొంత సమయం పట్టేది. 1962లో అమెరికా నెలకొల్పిన మినిట్‌మాన్ క్షిపణిలో ఘన ఇంధనం ముందే సిద్ధంగా ఉంటుంది. కాంక్రీటుతో కట్టిన లోతైన నేలబావులలో దానిని భద్రపరిచారు.

ఖండాంతర క్షిపణి గమ్యం చేరడానికి సుమారు అరగంట చాలు. దానిని అడ్డుకోవడం కష్టం, విడిచిన తరువాత వెనుకకు పిలవడం అసాధ్యం. ఇది అశ్వత్థామ అస్త్రం వంటిది. పైగా నేలబావి ఎక్కడ ఉన్నదో శత్రువుకు తెలుసు. కనుక శత్రు క్షిపణులు వస్తున్నాయనగానే, అవి పడేలోపే మన క్షిపణులను విడవాలనే తొందర కలుగుతుంది. 1983 సెప్టెంబరు 26న సోవియట్ హెచ్చరిక వ్యవస్థ అమెరికా నుండి క్షిపణులు బయలుదేరినట్లు చూపింది. విధి నిర్వహణలో ఉన్న స్తానిస్లావ్ పెత్రోవ్ అనే అధికారి అది యంత్రదోషమే అయి ఉంటుందని భావించి, తప్పుడు హెచ్చరికగా పైవారికి నివేదించాడు. ఆయన ఊహే నిజమైంది. యంత్రాలు వ్యవధిని నిమిషాలకు కుదించిన వేళ, లోకాన్ని కాచినది ఒక మనిషి వివేకం.

ఈ తొందరను తగ్గించగలిగినది జలాంతర్గామి. విశాఖపట్నం సముద్రతీరంలో ప్రదర్శనశాలగా మార్చిన కురుసుర జలాంతర్గామిని మీలో కొందరు చూసే ఉంటారు. అది డీజిల్‌తో నడిచేది. బ్యాటరీలను నింపుకోవడానికి గాలి కావాలి కనుక అటువంటి నౌక తరచు నీటి ఉపరితలానికి చేరువగా రావలసిందే. అణు రియాక్టరుకు గాలితో పనిలేదు. దానితో నడిచే నౌక నెలల తరబడి నీటిలోపలే ఉండగలదు. సిబ్బందికి ఆహారం ఉన్నంతకాలం పైకి రావలసిన అవసరం లేదు. 1960 జూలై 20న అమెరికా జలాంతర్గామి జార్జ్ వాషింగ్టన్ నీటి అడుగు నుండి పొలారిస్ క్షిపణిని ప్రయోగించింది. పదహారు క్షిపణులను మోసే ఆ నౌక ఎక్కడ ఉన్నదో శత్రువు కనుగొనలేడు. దేశం దెబ్బతిన్నా ప్రతీకార శక్తి కడలి గర్భంలో మిగిలే ఉంటుంది. కనుక పాలకుడు అరగంటలో తేల్చుకోవలసిన అగత్యం లేదు. బ్రిటన్ 1998లో తన విమానాల అణుబాంబులను విరమించి, తన అణ్వస్త్రాలను జలాంతర్గాములకే పరిమితం చేసింది. అమెరికా, రష్యా మాత్రం విమానం, క్షిపణి, జలాంతర్గామి అనే మూడింటినీ ముక్కాలిపీటలా నిలుపుకొన్నాయి.

అణ్వాయుధాన్ని ముందుగా ప్రయోగించబోమని భారతదేశం 2003 జనవరిలో అధికారికంగా ప్రకటించిన విధానంలో పేర్కొన్నది. ముందు కొట్టనని మాట ఇచ్చిన దేశానికి మొదటి దెబ్బను తట్టుకొని నిలిచే ఆయుధం మరింత అవసరం. ఆ అవసరం నుండి పుట్టినదే అరిహంత్ అణు జలాంతర్గామి. 2009 జూలై 26న అది విశాఖపట్నంలో జలప్రవేశం చేసింది. 2018 నవంబరులో తన తొలి నిరోధక గస్తీని పూర్తిచేసినట్లు ప్రభుత్వం ప్రకటించింది. 2024 ఆగస్టు 29న రెండవదైన అరిఘాత్ కూడా విశాఖలోనే నౌకాదళంలో చేరింది.

అయితే జలాంతర్గామి వ్యవధిని ఇచ్చిందే గాని ఉపసంహారాన్ని ఇవ్వలేదు. సముద్రం నుండి వెలువడిన క్షిపణి కూడా తిరిగి రాదు. విమానం నుండి క్షిపణికి, క్షిపణి నుండి జలాంతర్గామికి సాగిన ఈ ప్రయాణంలో ఆయుధాన్ని కాపాడుకొనే విద్య బాగా పెరిగింది. ఆయుధం బయలుదేరకముందే మనసును మళ్ళించుకొనే విద్య మాత్రం యంత్రాలకు అలవడేది కాదు. అర్జునుడు అస్త్రాన్ని మరలించగలిగినది దాని బలం వల్ల కాదు, తన నిగ్రహం వల్ల. నేటి అస్త్రానికి మరలింపు లేదు కనుక ఆ నిగ్రహం ప్రయోగానికి ముందే ఉండాలి.