ఇంత దూరం వచ్చాక...

అమీర్‌పేటలో నేర్పని విద్య లేదని పేరు. మైత్రీవనం చుట్టుపక్కల బోర్డులు చదివితే ఆ మాటను నమ్మబుద్ధేస్తుంది. స్కీయింగ్ మాత్రం అక్కడ దొరకదు. సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున్న ఈ ఊళ్ళో మంచు ముచ్చట తీర్చేవి లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గరి స్నోవరల్డ్ లాంటి చోట్లే. అసలు మంచు కావాలంటే గుల్మార్గ్‌కో ఔలీకో పోవాలి. అక్కడికెళ్ళి కేబుల్ కారు దారి వదిలి, సొంత కాళ్ళతో కొండెక్కి దిగడాన్ని స్కీ టూరింగ్ అంటారు. స్కీల అడుగున ముందుకు జారుతూ వెనక్కి జారని స్కిన్స్ అనే పట్టీలు అంటించుకుని, మడమ పైకి లేచే బిగింపుతో ఎక్కి, శిఖరం దగ్గర పట్టీలు ఊడదీసి దిగుతారు. చదును చేసిన దారి ఉండదు, కాపలా ఉండదు. హైదరాబాద్ నుంచి వెళ్ళే మిత్రబృందానికి అక్కడ చలికన్నా, స్కీ సరిగా రాకపోవడంకన్నా ప్రమాదకరమైన మాట ఒకటి ఉందని నా వాదన. అది "ఇంత దూరం వచ్చాం కదా" అన్న మాట.

మంచు ఒక్క రోజులోనే నాలుగు రకాలుగా మారుతుంది. రాత్రి ఆకాశం తేటగా ఉంటే పొద్దున పైపొర గట్టి పెచ్చుకడుతుంది, స్కీ అంచు పట్టదు. మధ్యాహ్నానికి దక్షిణం వైపు వాలు ఎండకు కరిగి నీరుపట్టి బరువెక్కుతుంది. ఉత్తరం వైపు నీడలో మెత్తటి పొడిమంచు అలాగే ఉంటుంది. గాలి శిఖరానికి ఇవతల ఊడ్చిన మంచును అవతలి వైపు పలకలా పేర్చిపెడుతుంది. ఆ పలక కింద చక్కెర పలుకుల్లాంటి బలహీనమైన పొర ఉంటే, 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద మనిషి బరువుకే మొత్తం విరిగి జారుతుంది. ఇలా జారే హిమపాతంలో మనుషులు చిక్కుకున్న పదింట తొమ్మిది సందర్భాల్లో దాన్ని కదిలించింది వాళ్ళో, వాళ్ళ జట్టులోని వాళ్ళో అని నిపుణులు చెబుతారు. అంటే ప్రశ్న మంచు గురించే కాదు, వాలు మీదికి అడుగు వేయించిన నిర్ణయం గురించి కూడా.

అమెరికాలో 1972 నుంచి 2003 వరకు జరిగిన 715 హిమపాత ప్రమాదాలను పరిశోధకుడు ఇయాన్ మెక్‌కామన్ పరిశీలించారు. ప్రమాద సూచనలు కళ్ళెదుటే ఉన్నా జనం ముందుకు పోవడానికి అలవాటైన చోటు, పట్టిన పంతం, నాయకుడి మీద నమ్మకం, ఇతరులు అప్పటికే వెళ్ళిన జాడలు కారణమవుతాయని ఆయన చూపారు. పంజాగుట్ట ఆఫీసులో బతిమాలి తెచ్చుకున్న సెలవు, నెలల ముందు కొన్న విమానం టికెట్టు ఆ పంతాన్ని రెట్టింపు చేస్తాయి. గుల్మార్గ్ పక్కనుండేవాడికి రేపు ఉంది. మనకు "మళ్ళీ ఎప్పుడొస్తామో" ఉంది.

అనుభవజ్ఞుడైన గైడ్ ఉంటే చాలదా అంటారు. గైడ్ తప్పనిసరే, కాని పూచీ కాదు. 2022 అక్టోబర్ 4న ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా డండా మీద హిమపాతం నెహ్రూ పర్వతారోహణ సంస్థ జట్టును ముంచేసింది, పాతికమందికి పైగా పోయారు. అదే ఏడాది ఎవరెస్ట్ ఎక్కిన శిక్షకురాలు సవితా కన్స్వాల్ కూడా వారిలో ఉన్నారు. పోనీ, నలుగురి ఒత్తిడి లేకుండా ఒంటరిగా పోతే? ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలను 2006లో 172 రోజుల్లో ఎక్కిన నెల్లూరు జిల్లా వాసి మల్లి మస్తాన్‌బాబు 2015లో ఆండీస్‌లో ఒంటరిగా ఎక్కుతూనే ప్రాణాలు కోల్పోయారు. పైగా ఒంటరివాణ్ణి తవ్వి తీసే తోడు ఉండదు. మంచులో కూరుకుపోయినవాణ్ణి పదిహేను నిమిషాల్లోపు తీస్తే బతికే అవకాశం చాలా ఎక్కువ, అరగంట దాటితే బాగా పడిపోతుంది. పంజాగుట్టలో పక్కనే నిమ్స్ ఆసుపత్రి ఉంటుంది. కొండ మీద అంబులెన్సు వచ్చేలోగా, కూరుకుపోయినవాణ్ణి వెతికే బీకన్, ప్రోబ్, తవ్వే పార పట్టుకున్న స్నేహితుడే దిక్కు.

ప్రతిదానికీ వద్దంటే ఇక స్కీయింగ్ దేనికి అన్న విసుగులోనూ న్యాయం ఉంది. అయితే వద్దన్నది ఆ వాలునే, ఆ రోజును కాదు. 30 డిగ్రీలకు తక్కువ వాలున్న చోట, పైన నిటారు వాలు లేకుండా చూసుకుంటే, ఆనందం పెద్దగా తగ్గదు. టికెట్లు కొనేముందే మీ జట్టులో రెండు సంగతులు తేల్చుకోండి: ఎన్ని గంటలకు వెనక్కి తిరగాలి, ఒక్కరు వద్దన్నా అందరూ ఆగుతారా. రెండోదానికి ఎవరైనా నసిగితే, ఈసారికి కేబుల్ కారు దారే పట్టండి.