నాటు తుపాకి గుండు

నాటు తుపాకి గుండు అనగా గొట్టపు మూతి నుండి మందు, గుండు కూరి పేల్చే తుపాకిలో వాడే సీసపు గుండు. ఇటువంటి తుపాకిని ఆంగ్లంలో మజిల్ లోడర్ అంటారు. జింక, దుప్పి వంటి జంతువులకు ఏ గుండు తగినదన్న విషయం 19వ శతాబ్దపు భారతదేశంలో వేటగాళ్ళ మధ్య పెద్ద చర్చకు కారణమయింది. గుండు ఎంపిక తప్పినచో జంతువు అక్కడికక్కడ చనిపోక, గాయంతో పారిపోయి రోజుల తరబడి బాధపడి మరణిస్తుంది. నేడు భారతదేశంలో జింకల వేట నేరం. అమెరికా వంటి కొన్ని దేశాలలో మాత్రం ఈ తుపాకులతో జింకలను వేటాడుటకు చట్టబద్ధంగా ప్రత్యేక కాలం కేటాయిస్తారు.

చరిత్ర

తెలుగు తీరానికి తుపాకి మందుతో పాత సంబంధం ఉంది. బాపట్ల జిల్లాలో చీరాల సమీపాన ఉన్న వాడరేవుకు నైరుతిన మోటుపల్లి, తూర్పున నిజాంపట్నం ప్రాచీన రేవులు. ఐరోపా వర్తకులు పెతాపోలి అని పిలిచిన నిజాంపట్నానికి 1606లో డచ్చివారు, 1611లో గ్లోబ్ అనే ఓడపై ఆంగ్లేయులు వచ్చారు. తుపాకి మందులో ముఖ్య ద్రవ్యమైన సూరేకారం కోరమండల్ తీరంలో డచ్చివారు కొన్న సరుకులలో ఒకటి.

తొలినాటి తుపాకులను జామగి అనే నిప్పు వత్తితో పేల్చేవారు. తరువాత చకుముకి రాయి, 19వ శతాబ్దంలో కేపు వాడుకలోకి వచ్చాయి. నిప్పు అంటించే పద్ధతి మారినా, మందు పోసి గుండును గజంతో కూరే విధానం మాత్రం మారలేదు.

రకాలు

* గుండ్రని గుండు: అన్నిటికంటె పాతది. నూనె లేక కొవ్వు రాసిన గుడ్డముక్కలో చుట్టి కూరుతారు. 0.50 అంగుళాల గొట్టానికి వాడే గుండు సుమారు 11.5 గ్రాములు తూగుతుంది.
* కోను గుండు: ముందు భాగం మొనదేరి, పొడవుగా ఉంటుంది. అదే గొట్టంలో దీని బరువు గుండ్రని గుండుకు రెట్టింపు లేక అంతకు మించి ఉండవచ్చు. ఫ్రెంచి సైనికాధికారి మినియే 1840లలో రూపొందించిన గుండు ఈ తరగతికి చెందినదే. దాని అడుగున ఉన్న గుంట పేలుడు వత్తిడికి వ్యాకోచించి గొట్టపు గాడులను పట్టుకుంటుంది.
* తొడుగు గుండు: గొట్టం కంటె సన్నని గుండును ప్లాస్టిక్ తొడుగులో ఉంచి కూరుతారు. ఇది ఇటీవలి కాలపు పద్ధతి.
* రవ్వలు: గాడులు లేని గొట్టంలో పోసే చిన్న సీసపు గుళికలు. ఇవి పక్షులకు, కుందేళ్ళకు తగినవి. జింకపై వాడితే లోతుగా దిగక, చంపుటకంటె గాయపరచుటే ఎక్కువ.

ఎంపికలో గమనించే అంశాలు

బరువు: గుండ్రని గుండు బరువు వ్యాసపు ఘనాన్ని అనుసరిస్తుంది. వ్యాసం రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లవుతుంది. కనుక కొద్దిపాటి లావు తేడా కూడా దెబ్బలో పెద్ద తేడా తెస్తుంది. పాత కొలతలో 12 బోరు అనగా, ఒక పౌను సీసంతో ఆ గొట్టానికి సరిపడే 12 గుండ్లు పోయవచ్చునని అర్థం.

మెత్తదనం: శుద్ధ సీసం మెత్తనిది. శరీరంలో దిగగానే అణగి వెడల్పై, పెద్ద గాయం చేస్తుంది. తగరం, అంటిమొని కలిసిన గట్టి సీసం అంతగా అణగదు. అయితే దళసరి ఎముకలున్న పెద్ద జంతువులలో లోతుగా దిగుతుంది.

గాడుల మెలిక: గుండ్రని గుండుకు 48 నుండి 70 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే నెమ్మది మెలిక సరిపోతుంది. పొడవైన కోను గుండు స్థిరంగా పోవాలంటే 20 నుండి 32 అంగుళాలకు ఒక చుట్టు కావాలి. మెలికకు తగని గుండు ఎంత బరువైనదైనా గురి తప్పుతుంది.

దూరం: గుండ్రని గుండు గాలి నిరోధానికి త్వరగా లొంగుతుంది. వంద గజాలు దాటేసరికి వేగంలో మూడవ వంతుకు పైగా కోల్పోతుంది. కోను గుండు నెమ్మదిగా బయలుదేరినా వేగాన్ని నిలుపుకుంటుంది. కాని దాని దారి వంపుగా ఉండుటచే దూరపు అంచనా తప్పితే గురి కూడా తప్పుతుంది.

అమరిక: గుండు మందుపై ఆనుకొని కూర్చోవాలి. మధ్యలో ఖాళీ మిగిలితే గొట్టం ఉబ్బవచ్చు, పగలవచ్చు. పేల్చినవాని ప్రాణానికే ముప్పు.

భారతదేశంలో చర్చ

మధ్య భారతంలో పనిచేసిన సైనికాధికారి జేమ్స్ ఫోర్సిత్ 1863లో వేట తుపాకులు, వాటి గుండ్లపై ఒక గ్రంథం ప్రచురించాడు. సైన్యపు కోను గుండు దూరానికి మంచిదైనా, వంపు దారి వలన అడవి వేటకు తగదని అతని వాదన. నెమ్మది మెలిక గల గొట్టంలో ఎక్కువ మందుతో పేల్చిన లావైన గుండ్రని గుండు 150 గజాల లోపు దాదాపు తిన్నగా పోయి, బలమైన దెబ్బ తీస్తుందని వివరించాడు.

నేల స్వభావం కూడా ఎంపికను నిర్ణయిస్తుంది. నల్లమల వంటి అడవిలో చుక్కల దుప్పి, కణితి పొదల నడుమ దగ్గరగా కనబడతాయి గనుక అక్కడ గుండ్రని గుండు చాలు. కృష్ణజింక బయలు నేలల జంతువు. వాడరేవు వెంబడి ఉన్న తీర మైదానం వంటి చాటులేని చోట వేటగాడు దానిని సమీపించుట కష్టం. అటువంటి చోట దూరపు గురి గుండు శక్తికి మించి, గాయపడిన జంతువులు తప్పించుకొనేవి.

చట్టం

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కృష్ణజింకను మొదటి షెడ్యూలులో చేర్చి దాని వేటను నిషేధించింది. కొన్ని ఇతర జంతువులకు మిగిలిన లైసెన్సు వేట 1991 సవరణతో ముగిసింది. మొదటి షెడ్యూలు జంతువును వేటాడినవారికి 3 నుండి 7 సంవత్సరాల జైలు, జరిమానా విధిస్తారు. కృష్ణజింక ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్ర జంతువు, చుక్కల దుప్పి తెలంగాణ రాష్ట్ర జంతువు. 1959 నాటి ఆయుధ చట్టం పంట రక్షణ కొరకు నాటు తుపాకికి లైసెన్సు ఇచ్చుటకు వీలు కల్పించింది. ఆ లైసెన్సు వేటకు అనుమతి కాదు.

సీసంతో ముప్పు

మెత్తని సీసం వెడల్పవుతూ చిన్న తునకలను మాంసంలో వదులుతుంది. వాటిని తిన్న గద్దలు, రాబందులు, మనుషులు కూడా సీసపు విషానికి లోనుకావచ్చు. ఈ కారణంగా అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2019 జూలై 1 నుండి వేటలో సీసపు గుండ్లను పూర్తిగా నిషేధించింది. అక్కడ రాగి గుండ్లు వాడుతున్నారు. సీసం కంటె గట్టివైన రాగి గుండ్లను మొన వద్ద గుంటతో తయారుచేస్తారు. శరీరంలో దిగినపుడు ఆ మొన విచ్చుకుంటుంది.

ఇవి కూడా చూడండి

* కృష్ణజింక
* సూరేకారం
* నిజాంపట్నం
* వాడరేవు