సీటు ఎత్తు చూడకుండా సైకిల్ అమ్మకండి

కోరుట్లలో యాభై దాటిన మనిషి కాస్త కుంటుతూ నడిస్తే చాలు, ఎదురైన వాళ్ళందరూ డాక్టర్లే. నాకు మాత్రం అందరూ ఒకటే మందు చెప్పారు: "ఇన్నేండ్లు తొక్కి తొక్కి మోకాళ్ళు అరగ్గొట్టుకున్నవు, ఇగ సైకిల్ బంద్ చెయ్యి." చెప్పినవాళ్ళలో చాలామందికి నేను ఇంటికి ఉత్తరం తెచ్చిచ్చినవాణ్నే. తపాలా ఉద్యోగం రిటైరయ్యేదాకా నల్ల సైకిల్ మీదే గడిచింది. తొంభైలలో మా వైపు ఊళ్ళకు దుబాయి, మస్కట్, సౌదీ నుంచి వచ్చే ఉత్తరాలతో సంచి నిండి ఉండేది. అందుకే నా మోకాలి పాపం సైకిల్ మీదికి నెట్టడం అందరికీ తేలికైపోయింది.

నేను ఒప్పుకోను. అంత సైకిల్ తొక్కనివాళ్ళ మోకాళ్ళు మా వీధిలో నాకంటే ముందే పోయాయి. బాసింపట్టు వేసుక్కూర్చుని, ఒళ్ళో చేట పెట్టుకుని, తునికాకు కత్తిరించి బీడీలు చుట్టే ఆడవాళ్ళను చూడండి. నలభై ఐదు దాటితే గోడ పట్టుకోకుండా లేవలేరు. ఈ మోకాళ్ళ జబ్బు మగవాళ్ళ కంటే ఆడవాళ్ళలోనే ఎక్కువ. వయసు, బరువు, పాత దెబ్బలు, ఇంట్లో పెద్దల నుంచి వచ్చిన తత్వం, రోజూ గంటల తరబడి మోకాలు పూర్తిగా మడిచి చేసే పని, ఇవన్నీ కలిస్తే వచ్చే జబ్బు ఇది. డాక్టర్లు ఆస్టియో ఆర్థరైటిస్ అంటారు.

జగిత్యాలలో ఎముకల డాక్టరు నా ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూసి "గ్రేడ్ 3" అన్నారు. ఈ గ్రేడుల లెక్క 1957లో కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు వైద్యులు పెట్టింది. సున్నా నుంచి 4 దాకా ఉంటుంది. ఎముకల నడుమ సందు ఎంత తగ్గింది, అంచుల్లో కొత్తగా ఎముక మొలకలు ఎన్ని వచ్చాయి అన్నది చూసి వేస్తారు. గ్రేడ్ 3 వినగానే నాకు గుండె జారింది కానీ, డాక్టరు చెప్పిన తర్వాతి మాట అంతకంటే ముఖ్యం: ఎక్స్‌రేకు, నొప్పికి లెక్క కుదరదు. గ్రేడ్ 3 ఉన్నా తిరిగేవాళ్ళున్నారు, గ్రేడ్ 1కే మంచం పట్టినవాళ్ళూ ఉన్నారు. ఎందుకంటే ఎముకల చివర ఉండే మెత్తటి మృదులాస్థిలో నరాలు లేవు. నొప్పి దాని కింది ఎముక నుంచి, కీలు చుట్టూ ఉన్న పొర నుంచి, బలం పోయిన కండరాల వల్ల వస్తుంది.

ఆ మృదులాస్థిలో రక్తనాళాలు కూడా లేవు. కీలులో ఉండే ద్రవమే దానికి తిండి. మోకాలు కదిలి, నొక్కుకుని, వదులైతేనే ఆ తిండి లోపలికి వెళ్తుంది. మనవాళ్ళు "గ్రీజు అయిపోయింది, వాడకు" అంటారు. బండి బేరింగుకైతే ఆ మాట సరే. మోకాలు వాడకపోతేనే చెడుతుంది.

బెర్లిన్‌లో పరిశోధకులు ఒక పని చేశారు. కృత్రిమ మోకాళ్ళలోనే బరువు కొలిచే పరికరాలు అమర్చి, ఆ మనుషులను నడిపించారు, మెట్లెక్కించారు, కదలని సైకిల్ తొక్కించారు. చదునైన నేల మీద నడిస్తే మోకాలి మీద పడే బరువు ఒంటి బరువుకు రెండున్నర రెట్లు. మెట్లు దిగితే దాదాపు మూడున్నర రెట్లు. నెమ్మదిగా సైకిల్ తొక్కితే 1.2 రెట్లు. 80 కిలోల మనిషికి ఇదే లెక్క వేస్తే మెట్లు దిగేటప్పుడు 280 కిలోలు, సైకిల్ మీద 96 కిలోలు. నన్ను సైకిల్ మానెయ్యమన్నవాళ్ళలో ఒక్కరూ మేడ మెట్లు మానెయ్యమని అనలేదు!

బరువు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఒంట్లో ఒక కిలో తగ్గితే నడకలో ప్రతి అడుగుకూ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో అమెరికాలో లెక్క తేల్చారు. రాత్రి అన్నం కొంచెం తగ్గించమని డాక్టర్లు ఊరికే అనరు.

ఇక అసలు విషయం, సీటు. మన నల్ల సైకిళ్ళకు సీటు కిందికే ఉంటుంది. ఇంటింటికీ ఆగి దిగే పోస్టుమన్‌కు, పాలవాడికి రెండు కాళ్ళూ నేలకు ఆనాలి కాబట్టి అలా అలవాటైంది. అరిగిన మోకాలికి మాత్రం అది పనికిరాదు. సీటు కిందికి ఉంటే మోకాలు బాగా మడిచి ఉన్నప్పుడే బలమంతా పెట్టి తొక్కాలి. అప్పుడు మోకాలి చిప్ప వెళ్ళి తొడ ఎముకకు గట్టిగా ఒత్తుకుంటుంది. కొలత పద్ధతి సులువు. ఎవరినైనా సైకిల్ పట్టుకోమని, సీటు మీద కూర్చుని, పెడల్ పూర్తిగా కిందికి వచ్చినప్పుడు మడమ దాని మీద పెట్టండి. కాలు నిటారుగా రావాలి. తొక్కేటప్పుడు పాదం ముందు భాగం పెడల్ మీద ఉంటుంది కనుక మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది, అంతే కావాలి. ఒక్కసారే ఎత్తెయ్యకుండా పానా పట్టి అర అంగుళం చొప్పున పెంచుకోండి. నొప్పి మోకాలి ముందు వస్తుంటే సీటు ఇంకా తక్కువ ఉందని, వెనక లాగుతుంటే ఎక్కువైందని అనుమానించాలి. ఎత్తు పెరిగాక ఆగేటప్పుడు సీటు మీదే కూర్చుని కాలు చాపకుండా, ముందుకు జారి దిగాలి. కాలెత్తి దాటెయ్యడం కష్టమైతే నడుమ కడ్డీ లేని లేడీస్ సైకిల్ కొనండి. నేను అదే కొన్నాను. సెంటర్లో నలుగురు నవ్వారు, నవ్వనీయండి.

రెండోది వెనక ఫ్రీవీల్. పెడల్ దగ్గరి పళ్ళచక్రానికి 44 పళ్ళు, వెనక 18 ఉంటే పెడల్ ఒక చుట్టుకు సైకిల్ ఐదున్నర మీటర్ల దాకా పోతుంది. వెనక 22 పళ్ళది వేయిస్తే నాలుగున్నర మీటర్లే పోతుంది, కానీ తొక్కడం తేలికవుతుంది. గేర్ల సైకిల్ ఉన్నవాళ్ళు తేలిక గేరులో గబగబా తొక్కాలి, బరువు గేరులో నిలబడి తొక్కకూడదు. ఎదురుగాలి రోజున పంతానికి పోవద్దు. కొండగట్టు గుడి ఘాట్ ఎక్కే పని అసలే వద్దు, దేవుడు ఆటోలో వచ్చినా దర్శనమిస్తాడు. జగిత్యాల రోడ్డు 63వ నంబరు జాతీయ రహదారి. లారీల మధ్య తొక్కడం కంటే పొద్దున్నే ఊరి బాటలు మేలు.

మా బిడ్డను సిరిసిల్లలో ఇచ్చాం. వియ్యంకుడు సాంచాల (మరమగ్గాల) మీద పనిచేస్తాడు. పన్నెండు గంటల షిఫ్టు, మగ్గం నుంచి మగ్గానికి నిలువుకాళ్ళ మీద తిరగడమే. సైకిల్‌తో పాటు తొడ కసరత్తు కూడా చెయ్యమంటే, "బావా, దినమంత నిలవడి అచ్చినంక మల్ల ఎక్సర్‌సైజ్ ఏందే?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. కానీ నిలబడితే కాళ్ళు అలుస్తాయి, తొడ బలం పెరగదు. మోకాలిని కాపాడేది తొడ ముందు కండరం. వెల్లకిలా పడుకుని ఒక మోకాలు మడిచి, రెండో కాలు నిటారుగా జానెడు ఎత్తి ఐదు లెక్కపెట్టి దించాలి. రోజూ పది పది సార్లు. తర్వాత, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి, మెల్లగా కూర్చోవాలి. ఇప్పుడు ఆయన సాంచాల షెడ్డు దగ్గరి బెంచీ మీదే ఇది చేస్తున్నాడు. ముసలోళ్ళ కసరత్తని తోటివాళ్ళు ఎగతాళి చేస్తారట.

నొప్పి ఉంటే తొక్కవచ్చా అని అందరూ అడుగుతారు. కొద్దిగా నొప్పి ఉండి, మర్నాటికి మామూలైపోతే పరవాలేదు. మర్నాడు కూడా ఎక్కువగా ఉన్నా, వాపు వచ్చినా దూరం తగ్గించాలి. మోకాలు ఎర్రబడి వేడెక్కినా, జ్వరం వచ్చినా, ఉన్నట్టుండి ఇరుక్కుపోయి కదలకపోయినా సైకిల్ సంగతి పక్కన పెట్టి అదే రోజు డాక్టరు దగ్గరికి పోవాలి.

మందుల సంగతి తొందరగా ముగిస్తాను. బ్రిటన్ ప్రభుత్వ వైద్య మార్గదర్శకాలు 2022లో మారాయి. వాటి ప్రకారం మొదటి చికిత్స వ్యాయామం, బరువు తగ్గించడం. ఆ తర్వాత పైన రాసే నొప్పి జెల్. గ్లూకోసమైన్ మాత్రలు, హయలురోనిక్ ఆమ్లం ఇంజక్షన్లు ఇవ్వొద్దనే చెప్పాయి. మన దగ్గర ఆ ఇంజక్షన్‌నే "గుజ్జు సూది" అని వేలకు వేలు తీసుకుని వేసేవాళ్ళున్నారు. రోజూ మింగే నొప్పి బిళ్ళలు కడుపును, కిడ్నీలను తింటాయి. కాగితంలో పొట్లం కట్టి ఇచ్చే, పేరు లేని బిళ్ళలతో ఒక్క రోజులో నొప్పి పోయిందంటే అందులో స్టెరాయిడ్ ఉండొచ్చని భయపడండి. అన్నీ చేశాక కూడా రాత్రి నిద్ర పట్టనంత నొప్పి ఉంటే కీలు మార్పిడి ఉండనే ఉంది. మామూలు రకం కృత్రిమ కీలు ధరకు 2017 ఆగస్టులో కేంద్రం 54,720 రూపాయలని పరిమితి పెట్టింది. ఆపరేషన్ తర్వాత ఫిజియోథెరపిస్టులు చేయించే కసరత్తుల్లో కదలని సైకిల్ కూడా ఒకటి.

చివరగా, గల్ఫ్‌లో ఉన్న పిల్లలకొక మాట. సెలవుకు వచ్చేటప్పుడు గొడ్డలి మార్కు తైలం, టైగర్ బామ్, మోకాలికి తొడిగే పట్టీలు తెస్తారు. తెండి, వద్దనను. కానీ బాపు పాత సైకిల్‌ను పాత ఇనుము కింద అమ్మేసే ముందు ఒక్కసారి పానా పట్టుకుని సీటు ఎత్తండి, వెనక ఫ్రీవీల్ మార్పించండి. అమ్మ కూర్చుని బీడీలు చుట్టడానికి ఒక కుర్చీ, ముందు చేట పెట్టుకోవడానికి ఒక బల్ల చేయించండి.