చూడి పిల్లి: పొట్ట కంటే ముందు చెప్పే గుర్తులు

పెంపుడు పిల్లి పొట్ట పెరిగిందని ఇంట్లోవాళ్లు గమనించేసరికే సగం కాలం గడిచిపోయి ఉంటుంది. పిల్లి కడుపు మోసేది రెండు నెలలే, సుమారు 63 నుంచి 65 రోజులు. పొట్ట బయటపడేది అయిదో వారంలో.

అంతకంటే ముందే తెలియాలంటే చూడవలసింది చనుమొనలను. మూడో వారానికి అవి కాస్త ఉబ్బి గులాబీ రంగుకు తిరుగుతాయి. తొలిచూలు పిల్లిలో ఈ మార్పు ఇట్టే తెలుస్తుంది. రాత్రంతా ఎదకొచ్చి అరిచిన పిల్లి ఉన్నట్టుండి గొంతు తగ్గించడమూ ఒక ఆనవాలే గానీ, దాన్నొక్కదాన్నే నమ్ముకోలేం. మగపిల్లితో కలిసి చూలు నిలవకపోయినా ఎద కొన్ని వారాలు ఆగిపోతుంది. పొట్ట నొక్కి చూసే పని డాక్టరుకే వదిలేయాలి. మూడు వారాలు దాటాక స్కానింగులో కూనల గుండెలు కొట్టుకోవడం కనిపిస్తుంది. ఎన్ని కూనలో లెక్క తేలాలంటే మాత్రం, ఎముకలు గట్టిపడ్డాక, ఆరో వారం దాటి ఎక్స్‌రే తీయాలి. మామూలుగా నాలుగైదు ఉంటాయి. 1970లో ఇంగ్లండులో ఓ పిల్లి ఏకంగా 19 కూనల్ని ఈనింది, వాటిలో నాలుగు చనిపోయి పుట్టాయి.

మన ఇళ్లలో అసలు చిక్కు తిండి దగ్గరే. పాలన్నం, పెరుగన్నం ముద్దగా ముచ్చటగానే తింటుంది, కానీ పిల్లి పక్కా మాంసాహారి. మాంసం, చేపల్లో దొరికే టారిన్ చాలకపోతే కడుపులోని పిండాలు నిలవవు. అందుకే చూలు తెలిసినప్పటి నుంచి కూనల కోసం అమ్మే ఆహారాన్నే తల్లికీ పెట్టమంటారు డాక్టర్లు. బలానికని కాల్షియం మాత్రలు సొంతంగా వేయకూడదు. జ్వరమనుకుని పారాసిటమాల్ వేస్తే ప్రాణమే పోతుంది.

పిల్లి ఏడిళ్లు తిరుగుతుందంటారు గదా, ఈనడానికి రెండు వారాల ముందే వెతుకులాట మొదలవుతుంది. అటకా, బీరువాలో బట్టల అరా వదలదు. జనం తిరగని మసక మూలలో అట్టపెట్టె పెట్టి, పాత నూలుచీర పరిస్తే చాలు. నచ్చకపోతే అది మరోచోటు చూసుకుంటుంది, బలవంతపెట్టి లాభం లేదు.

ఒంటి వేడి 100 డిగ్రీల ఫారెన్‌హీట్ లోపుకు దిగితే చాలావరకు ఒక రోజులో ఈనుతుంది. కూనకూ కూనకూ మధ్య తల్లి స్థిమితంగా పాలిస్తూ చాలాసేపు ఆగినా కంగారు అక్కర్లేదు. గట్టిగా ముక్కుతూ అరగంటైనా కూన బయటికి రాలేదా, ఆలస్యం చేయకుండా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి.

పాలిచ్చే తల్లి మళ్లీ ఎదకు రాగలదు. అమెరికాలోని టెక్సస్‌లో డస్టీ అనే పిల్లి 1952 నాటికి 420 కూనల్ని కన్నట్టు రికార్డు. అంత దూరం పోకుండా ఉండాలంటే, కూనలు పాలు మానాక ఆపరేషన్ ఎప్పుడు చేయించాలో డాక్టరును అడగాలి. అప్పటిదాకా మగపిల్లులు దూరే కిటికీ మూసి ఉంచాలి.